ఎరకు వాటా

లాస్ పెన్యాస్ రేవు,
మార్చి 11, 1991

తమ్ముడు ఒనోఫ్రేకి,

అక్క జునీల్డా దీవించి రాయించేది. రాత మెలానియాది, మాట నాది. పోస్టాఫీసు గుమస్తాకి భార్యగా బతికింది కదా, ఊళ్ళో ఉత్తరాలన్నీ తన సొంతమనుకుంటుంది. "ముందు క్షేమసమాచారాలు రాయాలమ్మా" అంటోంది. రాసుకోమన్నాను: నేను బాగున్నాను, మోకాళ్ళు బాగాలేవు, వాన లేదు. అయిపోయింది. ఇక అసలు విషయం.

నీ పడవకు ఎర గుచ్చేవాళ్ళకు పంపకంలో వాటా కావాలి. దీన్ని ముసల్దాని సణుగుడని పక్కన పడేస్తావేమో. చివరిదాకా చదువు.

మన పడవ మీద పనిచేసే కలాసీ అబెలీనో ఊపిరితిత్తుల్లో నీరు చేరి పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. మన రేవు ధర్మం నువ్వు మరిచిపోయి ఉండవు. కలాసీ మంచాన పడితే అతని రబ్బరు బూట్లు పడవ ఎక్కుతాయి. బూట్లు వేటకు వెళ్ళొస్తే మనిషి వెళ్ళొచ్చినట్టే. రోసెండా రోజూ మొగుడి బూట్లు తుడిచి తెచ్చి పడవ ముక్కులో పెడుతుంది. పడవ తిరిగొచ్చాక, ఇసుకలో పంపకం దగ్గర నీ కొడుకు రమీరో "అబెలీనో బూట్లకు" అని పైకి పిలిచి వాటా తీస్తాడు. పైకి పిలిచిన వాటాను వెనక్కి తీసుకోకూడదనేది కూడా ధర్మమే. ఈ ధర్మం పెట్టినవాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. అబెలీనో వాటా మీద నాకు కన్ను లేదు. మెలానియా, ఆ మాట కింద గీత గియ్యి.

మొన్న ఆ పంపకం చూస్తూ నిలబడ్డాను. పడవకు ఒకటి అన్నాడు. ఇంజనుకు ఒకటి. తాళ్ళకు, గాలాలకు కలిపి ఒకటి. పడవ నడిపే తండేలుకు, కలాసీలకు తలా ఒకటి. బూట్లకు ఒకటి. ఆ గాలాలన్నిటికీ ఎరగా కవళ్ళ చేపలు గుచ్చినవాళ్ళం మేము నలుగురం ఆడవాళ్ళం గోడవారగా నిలబడే ఉన్నాం. మా చిల్లర, ఎర గుచ్చిన తాడు బుట్టకింత చొప్పున, పంపకం మొదలు కాకముందే ఖర్చు కింద తీసి పారేశారు. డీజిలు, ఐసు, ఆడవాళ్ళు.

కాళ్ళు లేని బూట్లకు వాటా ఉంది. ప్రాణం లేని తాడుకు ఉంది. ఆ తాడుకు ఎర గుచ్చే చేతికి మాత్రం లేదు. ఇందులో న్యాయం ఎక్కడుందో నువ్వు చెప్పు. పడవ నీది, మాట నీది.

జవాబు కోసం చూస్తుంటాను. మాట తిప్పకుండా రాయి.

జునీల్డా
(వేలిముద్ర ఆమెదే. నా ఎదుటే వేసింది. — మెలానియా)


ఇకీకే,
ఏప్రిల్ 2, 1991

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నీ మరదలు కళ్ళు ఒత్తుకుంది. "మీ అక్క ఎంత ఇబ్బందిలో ఉంటే ఇలా రాయిస్తుంది! నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చి, వాటా గీటా అని తిప్పి రాయించింది" అంది. నాకూ అదే నిజమనిపించింది. పోస్టులో కొంత డబ్బు పంపుతున్నాను. వేరే పార్సిలులో ఉన్ని దుప్పటి వస్తుంది, మంచిది, బొలీవియా నుంచి వచ్చింది. మోకాళ్ళ మీద కప్పుకో. ఇక్కడ మాకు ఎండ తప్ప ఇంకేమీ లేదు. దుప్పటి కొంటుంటే షాపువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

వాటా సంగతికొస్తే, అక్కా, అది నేను పెట్టిన లెక్క కాదు. మన నాన్న, మన తాత అలాగే పంచారు. సముద్రం తడిసినవాడికే ఇస్తుంది. కలాసీ వేటకు వెళ్ళి ఖాళీగా వస్తే ఆ రోజు అతనికి సున్నా. నీకు అలా కాదు. పడవ నిండినా, ఖాళీగా వచ్చినా నీ బుట్ట డబ్బు నీ చేతిలో పడుతుంది. నష్టంలో భాగం లేనివాళ్ళు లాభంలో భాగం అడిగితే మగవాళ్ళు నవ్వుతారు. నీ మంచికే చెబుతున్నాను.

రమీరో మీద కోపం పెట్టుకోకు. నా కొడుకు మెత్తనివాడు, నువ్వు గట్టిగా ఒక్క మాటంటే రెండు రోజులు అన్నం తినడు. అబెలీనోకి నయమవ్వాలని మా ఇంట్లో కొవ్వొత్తి వెలిగించాం.

నీ తమ్ముడు,
ఒనోఫ్రే


లాస్ పెన్యాస్,
ఏప్రిల్ 19

ఒనోఫ్రేకి,

నీ దుప్పటి అందింది. ఆసుపత్రిలో అబెలీనోకి పంపాను, చలికి అతనికే ఎక్కువ అవసరం. నీ డబ్బు పోస్టాఫీసులోనే ఉంది. వేలిముద్ర వేస్తే ఇస్తారట, వెయ్యను. నేను అడిగింది వేరు, నువ్వు పంపింది వేరు. రొట్టె అడిగినవాడికి మందు సీసా ఇచ్చినట్టుంది నీ వ్యవహారం. నా మరదలికి చెప్పు, కన్నీళ్ళు దాచుకోమను, ఏడవాల్సిన రోజులు ముందున్నాయి.

మెలానియా "ఇంత కటువుగా వద్దులే" అంటోంది.

"నీ ఉత్తరాలు నువ్వు రాసుకున్నప్పుడు మెత్తగా రాసుకో. ఇది నాది" అన్నాను.

మూతి ముడుచుకుంది గానీ రాస్తోంది.

సముద్రం తడిసినవాడికే ఇస్తుందన్నావు. ఐసు నీళ్ళలోంచి కవళ్ళు తీసి, ఆ చేతులతోనే గాలం పట్టుకుని తెల్లారేదాకా కూర్చునే మేము దేనితో తడుస్తున్నట్టు, తమ్ముడూ? పన్నీటితోనా? నా కుడిచేతి చూపుడువేలు వంగదు. రోసెండా బొటనవేలిలో గాలం విరిగి అలాగే ఉండిపోయింది, వాన ముందు సలుపుతుందట. నష్టంలో భాగం లేదన్నావు. ఈ వేళ్ళు ఎవరి నష్టం?

తాత అలాగే పంచాడన్నావు. సరే, తాత రోజులు గుర్తు చేసుకుందాం. అమ్మ పక్కన పాకలో కూర్చుని నేను ఎర గుచ్చేదాన్ని. నువ్వూ నా పక్కనే కూర్చునేవాడివి. గాలం కొన కవళ్ళ కంటిలోంచి దూర్చాలని నీకు చూపించింది నేను. తాడు బుట్టలో చుట్టేటప్పుడు గాలాలు అంచున వరసగా పెట్టకపోతే, సముద్రంలో తాడు వదిలే వేళ గాలం ఎగిరి మనిషి చెంపలో గుచ్చుకుంటుందని చెప్పింది నేను. ఇద్దరం ఒకే పని చేశాం. దాన్ని నీ విషయంలో "పని నేర్చుకుంటున్నాడు" అన్నారు. నా విషయంలో "అమ్మకు సాయం చేస్తోంది" అన్నారు. నీకు మీసం రాకముందే నాన్న నిన్ను పడవ ఎక్కించి అరవాటా పిలిచాడు. నేను ఆ పాకలోనే ఉన్నాను, ఇవాళ్టికీ అక్కడే ఉన్నాను. ఆడది పడవ ఎక్కితే చేప మొహం చాటేస్తుందన్నారు. ఒడ్డున కూర్చుంటే, ఒడ్డున కూర్చున్నావు కాబట్టి వాటా లేదన్నారు. ఎక్కనివ్వనిదీ మీరే, ఎక్కలేదని ఎత్తిపొడిచేదీ మీరే.

మగవాళ్ళ వాటా నేను ముట్టుకోను. వాళ్ళూ బతకాలి. తాళ్ళకూ గాలాలకూ తీసే వాటా ఒకటుంది కదా. పడవవాటా, ఇంజనువాటాతోపాటు అది కూడా ఇకీకేలో నీకే వస్తుంది. దాన్ని రెండుగా చెయ్యి. సగం తాళ్ళకు, సగం ఎరకు. బుట్ట డబ్బు మానెయ్యి. చేప పడని రోజున మాకూ సున్నాయే. ఒప్పుకుంటున్నాను. నష్టంలో భాగం లేదని ఇంకెప్పుడూ అనకు.

మీ అక్క
జునీల్డా


ఇకీకే,
మే 6, 1991

అక్కా,

నీతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. బాగా ఆలోచించాను. నీ పట్టుదల నాకు అర్థమైంది.

నీకు వాటా ఇస్తాను. తాళ్ళ వాటాలో సగం, నీ ఒక్కదానికే. నలుగురిలో పంచుకోవాల్సిన పనీ లేదు. నెలాఖరున రమీరో కవరులో పెట్టి మీ ఇంటికి తెచ్చిస్తాడు. బుట్ట డబ్బు కూడా మామూలుగా తీసుకుంటూనే ఉండు. పంపకం దగ్గర మాత్రం ఎవరూ ఏమీ పిలవరు. మిగతా ఆడవాళ్ళకు తెలియకూడదు. మన ఒక్క పడవలో మొదలైతే రేపు రేవంతా అడుగుతుంది, మిగతా పడవల యజమానులు నా ముఖం చూడరు. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ.

ఇప్పటికైనా నీ మనసు కుదుటపడిందనుకుంటాను. పోస్టాఫీసులో డబ్బు కూడా తీసుకో, వాళ్ళు వెనక్కి పంపితే నాకు చిన్నతనంగా ఉంటుంది.

ఒనోఫ్రే


లాస్ పెన్యాస్,
మే 24

ఒనోఫ్రేకి,

నీ ఉత్తరం మెలానియా చదివి, "అబ్బ, గెలిచావమ్మా!" అని నన్ను కావలించుకుంది. నేను మళ్ళీ చదవమన్నాను. రెండోసారి చదివేటప్పటికి ఆమె గొంతు కూడా తగ్గింది.

ఒద్దు. నీ కవరు నాకొద్దు. పక్కన కూర్చుని అదే పని చేసే రోసెండా కళ్ళు కప్పి నేను తినే తిండి అరుగుతుందా? దొంగచాటుగా ఇస్తే అది దానం. పైకి పిలిచి ఇస్తేనే వాటా. ఆ తేడా నీకు తెలియక కాదు, తెలుసు కాబట్టే కవరు అన్నావు.

ఇంకో సంగతి. నీకు రమీరో ఎలా చెబుతాడో తెలియదు కాబట్టి నేనే చెబుతున్నాను. పోయిన మంగళవారం రోసెండా ఆసుపత్రికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అబెలీనో బూట్లు తెచ్చేవాళ్ళు లేరు. నేను నా బూట్లు తీసి పడవ ముక్కులో పెట్టాను. పొగమంచు. చీకట్లో నీ కొడుకు వాటిని చూసి అబెలీనోవే అనుకున్నాడు. ఆ రోజు చేప బాగా పడింది. పంపకంలో అలవాటుగా "బూట్లకు" అని పిలిచి వాటా తీశాడు. పిలవడం అయ్యాక నేను ముందుకొచ్చి, "ఆ బూట్లు నావి" అన్నాను.

 ఫ్రొయిలాన్ లేదూ, కలాసీల్లో నోరున్నవాడు, వాడు అందుకున్నాడు: "ఆడదాని బూట్లు పడవెక్కించావా పిన్నీ! మా కొంప ముంచాలనా?"

"మునిగిందా?" అన్నాను. "పడవ నిండా చేపలున్నాయి. నా బూట్లు ఎక్కితే చేప పారిపోతుందంటున్నావుగా, ఇది చేప కాదేమో. తీసుకెళ్ళి మళ్ళీ నీళ్ళలో పడెయ్యి."

లారీ దగ్గర నిలబడ్డ బేరగాళ్ళు పడీపడీ నవ్వారు. రమీరో మాత్రం తెల్లబోయాడు. "అత్తా, ఎందుకిలా చేశావు? ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు, చిన్నప్పుడు తొట్టిలో పడ్డప్పుడు అడిగినట్టే.

"పిలిచావు కదరా. పిలిచింది పిలిచినట్టే" అన్నాను.

ఆ వాటా నేను ముట్టుకోలేదు. అక్కడే, అందరి ముందూ, అబెలీనోదని చెప్పాను. సాయంత్రం మెలానియా చేత రోసెండా ఇంటికి పంపించాను. నా బూట్లకూ వాటా పిలవడానికి నోరొస్తుందని చూపించడానికే నేనది చేసింది. రోసెండాకి మాత్రం అది అలా కనబడలేదు. "నా మొగుడి జబ్బు నీకు నాటకమైందా పిన్నీ?" అని, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మా వాకిట్లో నిలబడి అడిగింది.  అప్పటినుంచి పాకలో నాకు వీపు తిప్పి కూర్చుంటోంది. ఎంత కోపమొచ్చినా గాలాలు మాత్రం వరసగానే పెడుతోంది.

నువ్వు తేల్చి చెప్పు. అవునో, కాదో. కవరు మాట మళ్ళీ ఎత్తకు.

జునీల్డా


ఇకీకే,
జూన్ 8, 1991

జునీల్డా అక్కకు,

రమీరో టెలిఫోనులో అంతా చెప్పాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషి వాటాను నలుగురి ముందూ లాక్కున్నావని రేవంతా అనుకుంటోందట. తర్వాత వాళ్ళింటికి పంపావని నువ్వు అంటున్నావు. పంపే ఉంటావు. కానీ నాన్న పేరు మోసే పడవ ముందు ఇలాంటి రచ్చ ఎప్పుడూ జరగలేదు. నీకు దుప్పటి పంపితే ఇంకొకరికి ఇచ్చేశావు, డబ్బు పంపితే తిప్పేశావు, గుట్టుగా వాటా ఇస్తానంటే అదీ కాలదన్నావు. ఇంక నీకేం కావాలో నాకు అర్థం కావడం లేదు. నేను బతికుండగానే నాకు శత్రువు కావాలని కోరుకుంటున్నావని మాత్రం అర్థమైంది.

సరే. నీ మాటే నెగ్గనీ. ఈ నెలాఖరు శాన్ పెద్రో స్వామి పండుగ మర్నాటి నుంచి మన పడవలో ఎరకు అరవాటా. పంపకంలో పైకే పిలవమని రమీరోకి చెప్పాను. ఆ రోజు నుంచి బుట్ట డబ్బు ఉండదు. ఒకసారి వాటాలోకి వచ్చాక మళ్ళీ కూలీకి వెనక్కి పోవడం కుదరదు, అడిగినా ఇవ్వను. జూలై, ఆగస్టు చలికాలంలో ఆ సముద్రం ఎలా ఉంటుందో నీకు తెలుసు. వారానికి రెండు రోజులు పడవ కదిలితే గొప్ప. సముద్రం అంటే ఏమిటో ఈ శీతాకాలం నీకే చెబుతుంది. మిగతా ముగ్గురు ఆడవాళ్ళూ ఆకలితో వచ్చి నీ తలుపు తట్టినప్పుడు నాకు రాయించకు.

ఒనోఫ్రే


లాస్ పెన్యాస్,
జూలై 4

తమ్ముడూ,

ముందు చావు కబురు. అబెలీనో పండుగకు వారం ముందు పోయాడు. నీ దుప్పటి కప్పే తెచ్చారు. పడవలన్నీ ఆ రోజు ఒడ్డునే ఉన్నాయి. మనిషి పోయాక బూట్లకు వాటా ఉండదు. అదీ ధర్మమే. నిన్నటిదాకా రోసెండాకి మొగుడి బూట్లు అన్నం పెట్టాయి. ఇప్పుడిక దాని రెండు చేతులే పెట్టాలి.

మట్టి అయిన మూడో రోజున పాకలోకి వచ్చింది. నీ ఉత్తరంలో ఉన్నదంతా నలుగురికీ వినబడేలా మెలానియా చేత చదివించాను, నన్ను తిట్టిన మాటలతో సహా. "శీతాకాలం. వాటా అంటే పస్తులుండాల్సి రావచ్చు. వద్దంటే ఇప్పుడే చెప్పండి, నా తమ్ముడికి వద్దని రాయిస్తాను. నాకు సిగ్గేం లేదు" అన్నాను. మిగతా ఇద్దరూ రోసెండా వైపు చూశారు. నలుగురిలో ఎక్కువ పోగొట్టుకునేది అదే కదా. రోసెండా గాలం మీంచి కళ్ళెత్తలేదు.

"కూలీ తీసుకుంటూ కూర్చుంటే, రేపు నాకు జబ్బు చేస్తే నా బూట్లు ఎవరు ఎక్కిస్తారు పిన్నీ?" అంది.

అంతే.  కానీ ఈసారి నావైపు తిరిగి కూర్చుంది.

పండుగ రోజున స్వామి విగ్రహంతోపాటు మమ్మల్నందరినీ పడవల్లో ఎక్కించి ఊరేగించారు. ఏడాదికి ఆ ఒక్క రోజూ ఆడవాళ్ళు ఎక్కితే చేపలకు అభ్యంతరం ఉండదు. మర్నాడు గాలి. ఆ మర్నాడూ గాలి. మూడో రోజు పడవ వెళ్ళింది. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఏం పడిందని అడగకు. ఊళ్ళో పిల్లులకు కూడా చాలదు.

అయినా రమీరో పంపకం మొదలుపెట్టాడు. వేలెడంత చేపలున్నా పంపకం పంపకమే. పడవకు, ఇంజనుకు పిలిచాడు. "తాళ్ళకు సగం" అన్నాడు. ఆగాడు. మగవాళ్ళందరూ ఇసుక వైపు చూస్తున్నారు. వాడు నన్ను పుట్టిననాటి నుంచీ అత్తా అనే పిలిచాడు. కానీ పంపకంలో చుట్టరికాలు ఉండవు కదా, నిండు పేరు పిలవాలి. గొంతు సవరించుకుని, "ఎరకు సగం, జునీల్డా వెర్గారా" అన్నాడు. ఆ తర్వాత "రోసెండా పావెస్" అన్నాడు. మిగతా ఇద్దరి పేర్లూ పిలిచాడు.

పిలిస్తే ఏమనాలో నాకు తెలియలేదు. మగవాళ్ళు "ఇక్కడ" అంటారు. నేనూ అదే అన్నాను.

మా నలుగురికీ కలిపి వచ్చింది ఒక గిన్నెలో పట్టింది. బుట్ట డబ్బు అయితే దీనికి మూడింతలు వచ్చేది. ఆ లెక్క నీకు సంతోషం కలిగిస్తుందని తెలుసు, అందుకే దాచకుండా రాయిస్తున్నాను. ఫ్రొయిలాన్ గిన్నెలోకి తొంగి చూసి, "నోరు మూసుకుని కూలీ తీసుకుంటే ఇవాళ కడుపు నిండేది కదా పిన్నీ" అన్నాడు.

"నీకెంత వచ్చిందిరా?" అన్నాను.

చూపించాడు. వాడిదీ అంతంతమాత్రమే.

"మరి నిన్ను కూలీకి మారమని ఎవరైనా అన్నారా?"

తల గోక్కుని వెళ్ళిపోయాడు. వాడు చెడ్డవాడు కాదు. వెళ్తూ వెళ్తూ తన చేపల్లోంచి ఒకటి తీసి రోసెండా గిన్నెలో వేశాడు. ఆమె దాన్ని తీసి వాడి బుట్టలోనే వేసింది. నేను నవ్వలేదు గానీ నవ్వొచ్చింది.

చేపలు మా ఇంట్లోనే ఉల్లిపాయ వేసి పులుసు పెట్టుకుని నలుగురం తిన్నాం. చాలలేదు. రొట్టెతో సరిపెట్టుకున్నాం. నువ్వన్నట్టు వీళ్ళు నా తలుపు తట్టారు, కాకపోతే గిన్నెలు పట్టుకుని తట్టారు. ముందు ముందు ఇంకా గడ్డు రోజులొస్తాయి. ఇంట్లో పెంచుకుంటున్న నా చెవులపిల్లులు అమ్ముతాను. మెలానియా పిండి అప్పిస్తానంది. ఆ మాట రాయడానికి దానికి సిగ్గేసి కలం ఆపింది, "రాయి, రాయి" అన్నాను.

నేను నీకు శత్రువు కావాలనుకుంటున్నానని రాశావు. ఆ మాటకు జవాబు ఆలోచించాను. నాన్న పడవలో నా పేరు ఇన్నేళ్ళకు పిలిచారు. నీ కోపంతోనే పిలిపించావు, అయినా పిలిపించింది నువ్వే. దాన్ని నేను మరిచిపోను.

ఇవాళ తెల్లారగట్ల పాకకు వెళ్తూ వాకిట్లో ఆగిపోయాను. ఎందుకు ఆగానో ముందు నాకే అర్థం కాలేదు. తల ఎత్తి ఆకాశం చూస్తున్నాను. మబ్బు ఎటు కదులుతోంది, గాలి దక్షిణం నుంచా, తగ్గుతుందా అని. ఇన్నేళ్ళూ ఆ చూపు మగవాళ్ళది. పడవ కదిలినా కదలకపోయినా నా బుట్ట నాది కాబట్టి, పైకి చూడాల్సిన పని నాకు ఎప్పుడూ లేకపోయింది. గాలి తగ్గేలా ఉంది, ఒనోఫ్రే. రేపు వేట ఉంటుంది.

మీ అక్క,
జునీల్డా వెర్గారా